మా సెవరీన్ సొంత పాట

మా తమ్ముడు సెవరీన్ బ్రాకెల్‌కు ఒకచోట కుదురుగా ఉండడం చేతకాదు. పెళ్ళయిన పదకొండేళ్ళలో తొమ్మిది ఇళ్ళు మారాడు. ఆల్స్ట్‌లో చర్చి ఆర్గన్ వాయించే ఉద్యోగం బాగానే ఉండేది, ఫాదరుగారితో మాటా మాటా వచ్చింది. లోకెరెన్‌లో పాటల సంఘం వాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు, అక్కడి నీళ్ళు పడడం లేదన్నాడు. మెకెలెన్‌లో ఇల్లు బాగుంది గాని గంటల మోత భరించలేనన్నాడు. లీర్‌లో గంటలు శ్రుతిలో ఉన్నాయి గాని గోడలకు చెమ్మ. ప్రతిసారీ గుర్రబ్బండి వచ్చేది. ముందు పియానో ఎక్కేది. దాని పక్కన, మూటల మధ్య, మా మరదలు ఎమరెన్స్ ఎక్కేది.

"మీ తమ్ముడు పెళ్ళాడింది ఈ పియానోని వదినా," అనేది నాతో. "నన్ను సామాన్లతో పాటు బండెక్కించాడంతే."

నేనూ తమ్ముడూ పడవలో పుట్టినవాళ్ళం. నాన్నకు స్కెల్డ్ నది మీద తిరిగే సరుకు పడవ ఉండేది. బొగ్గు, ఇటుక, కొన్నాళ్ళు బంగాళాదుంపలు. గాలి లేని రోజున తెరచాప పనికిరాదు. గుర్రం పెట్టుకునే తాహతు లేదు. నాన్న చుక్కాని దగ్గర నిలబడితే, అమ్మ గుండెకు అడ్డంగా వెడల్పాటి పట్టీ వేసుకుని, గట్టు మీద నడుస్తూ పడవను తాడుతో లాగేది. నాకు ఎనిమిదో ఏడు రాగానే నాకూ చిన్న పట్టీ కుట్టింది. సెవరీన్ నాకన్నా ఆరేళ్ళు చిన్న. నీళ్ళలో పడకుండా వాడి నడుముకు తాడు కట్టి, రెండో కొస తెరచాప కొయ్యకు ముడివేసేవాళ్ళం. ఆ తాడు పొడవునా అటూ ఇటూ పరుగెత్తేవాడు. వాడికి ఐదేళ్ళప్పుడు, కలరా వచ్చిన ఏడు, అమ్మ పోయింది. నాన్న పడవ అమ్మేసి మమ్మల్ని తెమ్సెలో దించాడు. నేను బుట్టలల్లడం నేర్చుకున్నాను. ఇప్పటికీ అదే పని. వాణ్ణి ఊళ్ళో ఆర్గన్ వాయించే ముసలాయన చేరదీశాడు. వాడి చెవి చూసి ఆయనే గెంట్‌కు పంపాడు, సంగీతం చదవడానికి.

తమ్ముడు చాలా రాశాడు. చర్చిలో పాడే పూజాగానాలు రెండు, ఒక ఒపేరా, మూడు వందల మంది పాడాల్సిన పెద్ద గానం ఒకటి. ఆ మూడు వందల మందిలో వచ్చింది నలభై మంది. ఒపేరా మూడు రోజులు ఆడింది. అది మా ఫ్లెమిష్‌లో రాశాడు. ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషొకాయన ఫ్రెంచిలో, "ఇది గుర్రాలతో మాట్లాడే భాష కదండీ," అన్నాడట. మావాడు అదే ఫ్రెంచిలో, "తమరికి అర్థం కావాలనే ఆ భాషలో రాశానండీ," అన్నాడట. నాలుగో రోజున తలుపులు తెరవలేదు.

ఇన్ని రాస్తే నిలిచింది ఒక్కటే, అదీ చిన్న పాట. పెళ్ళికి రెండేళ్ళ ముందు ఆల్స్ట్‌లో పాటల సంఘాల పండగ జరిగింది. చివర్లో పాడడానికి చిన్నదేదైనా కావాలని ముందురోజు అడిగారు. పొయ్యి మీద సూపు ఉడికేలోగా రాసి ఇచ్చాడు.

గాలి లేదు, పోటు లేదు, గట్టు చాలా దూరము,
నీరు పోయే వైపు కాదు, నేను లాగే వైపురా!

ఆ రోజు నేనూ ఆల్స్ట్ వెళ్ళాను. కూడలిలో మెట్ల మీద అరవై మంది నిలబడి ఎత్తుకున్నారు. రెండో వరసలో పిండి ఫ్యాక్టరీలో పనిచేసే పిల్ల ఒకతె గొంతు తెరిచి పాడుతోంది. ఆమే తరవాత మా మరదలయింది. మొదటి చరణం వినగానే నా చేతిలో ఉన్న రొట్టె కిందపడింది. చుట్టూ జనం చప్పట్లు కొడుతున్నారు. నాకు చేతులు రాలేదు.

తమ్ముడు గుంపును తోసుకుంటూ వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "ఎలా ఉందక్కా?"

"బాగుందిరా."

"ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలీదు. కూర్చున్నాను, వచ్చేసింది. ఇలా ఎప్పుడూ రాలేదే!"

చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. వాడి ముఖం చూసి మింగేశాను. అలా పదమూడేళ్ళు మింగే ఉంచాను.

పాట పాకిపోయింది. తాపీవాళ్ళు గోడ కడుతూ పాడుకున్నారు, సిపాయిలు నడుస్తూ పాడుకున్నారు, సంతలో చక్రం తిప్పి వాయించే పెట్టెలోనూ అదే. మొదట్లో తమ్ముడికి గాల్లో తేలినట్టుండేది. పోనుపోను దిగులు పట్టుకుంది. పాట అందరికీ తెలుసు, వాడు ఎవరికీ తెలీదు. ఆంట్వెర్ప్ వెళ్ళే పొగపడవలో ఒకసారి నేనూ వాడి పక్కన ఉన్నాను. చుక్కాని పట్టుకున్నవాడు ఈల వేస్తున్నాడు.

తమ్ముడు లేచి వెళ్ళి, "ఆ పాట ఎవరిదో తెలుసా?" అన్నాడు.

"ఎవరిదేంటి బాబూ? మా తాతది."

"మీ తాతా?"

"ఆయ్. మా తాత పాడేవోడు, మా తాతకి ఆళ్ళ తాత నేర్పాడు."

"ఆ పాట రాసింది నేను! ఆల్స్ట్‌లో, డెబ్బయ్యో సంవత్సరంలో!"

చుక్కాని మనిషి వాణ్ణి పైనుంచి కిందకి చూశాడు. "మరింకేం! అయితే మా తాతవి నువ్వేనన్నమాట. ఇన్నేళ్ళూ ఎక్కడికి పోయావు తాతా? మా నాయనమ్మ నీకోసం ఏడ్చి ఏడ్చి పోయింది!"

పడవంతా గొల్లుమంది. నేనూ నవ్వాను, ఆపుకోలేకపోయాను. తమ్ముడు ఆంట్వెర్ప్ దాకా నాతో మాట్లాడలేదు.

పద్దెనిమిది వందల ఎనభై మూడో సంవత్సరం వసంతంలో, ఒక మంగళవారం ఉదయం, నేను వాకిట్లో కూర్చుని బుట్టల కోసం విల్లో బరికెలు చీరుతుంటే తమ్ముడు వచ్చాడు. వానలో తడిసి ఉన్నాడు. కోటు లోపల నుంచి ఒక లావుపాటి పుస్తకం తీశాడు. అది మాత్రం తడవలేదు.

"అరవై ఒకటో పాట చూడక్కా."

"చూసి ఏం చేసుకోనురా? నాకు చదువొచ్చా?"

వాడే చదివాడు. గెంట్‌లో హిలేరియన్ టాక్ గారని ఒక పండితుడు, పల్లెపల్లె తిరిగి పాత పాటలు పోగుచేసి అచ్చువేశాడట. అందులో అరవై ఒకటోది మావాడి పాట. దాని కింద ఇలా రాసి ఉంది: 'అతి ప్రాచీనము. స్కెల్డ్ నదీతీరమున పడవవారు మూడు వందల సంవత్సరముల నుండి పాడుచున్నారు. కర్త తెలియదు.'

"కర్త తెలియదట!" తమ్ముడు వాకిట్లో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు. "కర్త బతికే ఉన్నాడు! కర్త తెమ్సెలో, వాళ్ళక్క వాకిట్లో తడిసి నిలబడ్డాడు!"

మా ఆయన డొమీన్ లోపలి నుంచి, "కర్తని లోపలికి రమ్మను, జలుబు చేస్తుంది," అన్నాడు.

మజ్జిగ గంజి ఇచ్చాను, బెల్లప్పాకం వేసి. నిలబడే తాగాడు. టాక్ గారికి అప్పటికే నాలుగు ఉత్తరాలు రాశాడట. ఆయన మర్యాదగా జవాబిచ్చాడు, సాక్ష్యం ఉంటే తెమ్మని. తమ్ముడు రాసిన అసలు కాగితం ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి మారినప్పుడు పోయిందో ఎవరికీ తెలీదు. ఆల్స్ట్ సంఘం ఎప్పుడో మూతపడింది. ఎమరెన్స్ తను పాడానని చెబుతానంది, కానీ టాక్ గారు, పాడినంత మాత్రాన అంతకుముందు లేదని ఎట్లా తేలుతుంది అన్నారట.

"అందుకని నువ్వు రావాలక్కా. నువ్వు పదకొండేళ్ళు పడవలో పెరిగావు. తాడు లాగినదానివి. పడవవాళ్ళ పాటలన్నీ నీకు తెలుసు. ఈ పాట మా చిన్నప్పుడు నది మీద లేదు, ఎవరూ పాడగా వినలేదు అని చెప్పు. ఆ ఒక్క మాట చాలు."

నా చేతిలో కత్తి జారి వేలు తెగింది. చీరిన బరికె మీద రక్తం పడింది.

"చూసుకోవద్దూ? ఏం, రావా?"

"ఎప్పుడు?" అన్నాను, వేలు నోట్లో పెట్టుకుని.

గురువారం రైల్లో గెంట్ వెళ్ళాం. దారి పొడవునా వాడు కిటికీ దగ్గర కూర్చోవడం, లేవడం, పక్క పెట్టెలోకి వెళ్ళి రావడం. నేను అనాల్సిన మాటలు నాకు నేర్పాడు, చిన్నపిల్లకు ప్రార్థన నేర్పినట్టు. నేను తల ఊపాను. ఏం చెప్పాలో నాకే తేలలేదు. వాడికి ముప్పై తొమ్మిదేళ్ళు. జుట్టు నెరిసింది. చేతి కింద ఆ పుస్తకం తప్ప మరేమీ లేదు. అబద్ధం చెప్పేస్తే ఎవరికి నష్టం అనుకున్నాను. చచ్చినవాళ్ళు వింటారా?

టాక్ గారు బక్కపలచని మనిషి. ముక్కు కారుతోంది, మెడకు ఉన్ని గుడ్డ. గది నిండా కాగితాలు. ఆయన ఫ్లెమిష్ మాట్లాడుతుంటే చర్చిలో పాఠం చదువుతున్నట్టుంటుంది.

"తమరు ఆసీనులు కండి అమ్మా. మా గృహమునకు నదీతీరవాసులు విచ్చేయుట మాకు భాగ్యము."

నేను తమ్ముడి వైపు చూశాను. "కూర్చోమంటున్నారు," అన్నాడు వాడు.

కాఫీ ఇచ్చారు, దాల్చినచెక్క వేసిన బిస్కట్లు ఇచ్చారు. ఆయన మంచివాడే. నా చెక్కజోళ్ళ బురద తివాచీ మీద అంటుకుంటే చూడనట్టు ఊరుకున్నాడు. కాగితం మీద సాక్ష్యం ముందే రాసి పెట్టాడు. చదివి వినిపించాడు: 'పడవలో పుట్టి పెరిగిన కొలెటా అను నేను, ఈ బాణీని గాని, ఇందులో ఏ భాగమును గాని, నా సోదరుడు రచించుటకు ముందు ఎవరి నోటా వినలేదని దేవుని ఎదుట చెప్పుచున్నాను.'

"సంతకం రాదండీ," అన్నాను.

"శిలువ గుర్తు పెట్టిన చాలును."

కలం నా చేతికిచ్చారు. తమ్ముడు నా భుజం వెనక నిలబడి ఊపిరి బిగబట్టాడు. కలం కాగితానికి ఆనించాను. అమ్మ పోయినరోజు ఒళ్ళు కడిగింది నేను, పదకొండేళ్ళ దాన్ని. రొమ్ముల పైన, ఈ భుజం నుంచి ఆ భుజానికి, పట్టీ ఒరుసుకున్న చోట చర్మం గుర్రపు జీనులా నల్లగా గట్టిపడి ఉంది. ఎంత రుద్దినా మెత్తబడలేదు. ఎవరి నోటా వినలేదు అని నేను గుర్తు పెడితే ఆ మనిషి నోరు మూసినట్టే.

కలం కింద పెట్టేశాను.

"మొదటి చరణం మా అమ్మదండీ."

టాక్ గారి ముక్కు నుంచి బొట్టు కాగితం మీద పడింది.

"అక్కా, ఏమంటున్నావ్?"

"మాటలు నీవేరా. స్వరం పైకెళ్ళే రెండో చరణం మొత్తం నీదే. అది నేనెప్పుడూ వినలేదు. కానీ మొదటిది అమ్మది. తాడు లాగేటప్పుడు కూనిరాగం తీసేది. మాటల్లేవు, ఊఁ అని అంతే. అంతవరకూ వచ్చి ఆపేసేది, మళ్ళీ మొదటికొచ్చేది. నువ్వు కొయ్యకి కట్టి ఉండేవాడివి. నీకు గుర్తుండదు."

టాక్ గారు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. జలుబంతా ఎగిరిపోయింది. "వినిపించండమ్మా! అట్లే, ఏ మార్పూ లేకుండ!"

పాడాను. ఆయన గబగబా గీతల మీద చుక్కలు పెట్టుకున్నాడు. "ఆమె నామధేయము?"

"పెట్రొనెల్."

"పెట్రొనెల్!" అని రాసుకున్నాడు. "ఆమె ఎవరి వద్ద నేర్చెను?"

"తెలీదండీ. అడగలేదు."

వెనక్కి తిరిగి చూస్తే తమ్ముడు లేడు. టోపీ అక్కడే కుర్చీ మీద ఉంది.

టోపీ పట్టుకుని పరుగెత్తాను. కాలవ గట్టు మీద పెద్ద పెద్ద అంగలేస్తూ పోతున్నాడు. చెక్కజోళ్ళతో రాళ్ళ మీద పరుగంటే మాటలా? జోళ్ళు తీసి చేత్తో పట్టుకుని వెంటపడ్డాను. చేపలమ్మేవాళ్ళు చూసి, "పట్టుకో పట్టుకో, పారిపోతున్నాడు!" అని అరిచారు.

"ఒరే ఆగరా! నీ టోపీ!"

ఆగాడు. తిరిగి చూశాడు. ఆ చూపు నేను మర్చిపోలేను.

"పదమూడేళ్ళు తెలిసి ఊరుకున్నావు. ఊరుకున్నదానివి ఇవాళ కూడా ఊరుకోవచ్చుగా!"

"దేవుడి ఎదట అన్నారురా ఆ కాగితంలో."

"రాసినవన్నీ గంగలో కలిశాయి. నాకంటూ ఉన్నది ఈ ఒక్కటి. దాన్ని నేను కాకుండా మూడొందల ఏళ్ళ నాటి పడవవాడు రాశాడంటే పోట్లాడగలను. అమ్మ రాసిందంటే ఎవరితో పోట్లాడను?"

"సగం నీదేగా!"

"సగం!" అన్నాడు. "సగం పాట ఎవడికైనా ఉంటుందా అక్కా? సగం ఇల్లు ఉంటుంది, సగం రొట్టె ఉంటుంది."

టోపీ తీసుకోకుండానే సందు తిరిగి వెళ్ళిపోయాడు.

ఇరవై రోజులైనా ఇంటికి రాలేదు. ఎమరెన్స్ లీర్ నుంచి వచ్చింది, ఒక్కతే, చేతిలో చిన్న సంచితో. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. బల్ల దగ్గర కూర్చుని, నేను వండిన పాముచేపల ఆకుకూర పులుసు రెండుసార్లు వడ్డించుకుని తిని, అప్పుడు మాట్లాడింది.

"పియానో తీసుకెళ్ళకుండా పోయాడు వదినా. అదీ నా భయం."

"నామీద కోపంగా ఉందా?"

"మీ మీదా? ఆ పాట మొదటిసారి పాడినప్పుడే నాకనిపించింది, ఇది మగాడి ఊపిరి కాదని. పాడేవాళ్ళకి తెలుస్తుంది. అడిగితే అరుస్తాడని అడగలేదు." నీళ్ళు తాగింది. "ఇద్దరం నోరు మూసుకునే ఉన్నాం."

తెల్లారి డొమీన్ రేవులో వాకబు చేసి వచ్చాడు. ముఖం అదోలా ఉంది. "మీ తమ్ముడు దొరికాడే. డెండర్మొండె దగ్గర ఇటుకల పడవ ఒకటి లాగుతున్నాడట."

"లాగడమేంటి?"

"లాగడమే. పట్టీ వేసుకుని. పడవాయన వద్దు మొర్రో అన్నా వినలేదట. ఊరికే లాగుతానంటే ఎవడు కాదంటాడు, పెట్టుకున్నాడు. 'చదువుకున్నాయన, మెదడు కొంచెం కదిలినట్టుంది, కాళ్ళు మాత్రం గట్టివే' అన్నాడట."

నేనూ ఎమరెన్సూ వెళ్ళాం. మధ్యాహ్నం దాకా గట్టు వెంట నడిచాం. పచ్చగడ్డి మోకాలి ఎత్తు పెరిగి ఉంది. ముందు పడవ కనబడింది, తరవాత తాడు, తాడు చివర మా తమ్ముడు. కోటు లేదు. ఒళ్ళు ముందుకు వాల్చి, ముక్కు నేలకు రాసుకునేంతగా వంగి, అడుగులో అడుగు వేస్తున్నాడు. గడ్డం పెరిగింది. మమ్మల్ని చూసీ ఆగలేదు. ఆగితే పడవ వెనక్కి జారుతుంది. నేను పక్కన చేరి నడిచాను, అమ్మ పక్కన నడిచినట్టు.

"ఎనిమిదడుగులక్కా," అన్నాడు ఎగరొప్పుతూ. "ఎనిమిదడుగులకి ఊపిరి అయిపోతుంది. అందుకే అక్కడ ఆపేది. పాట అక్కడ ఆగాలని కాదు. ఊపిరి లేక."

నేను వాడి అడుగుతో అడుగు కలిపాను.

"ఇంకో నాలుగడుగుల ఊపిరుంటే ఎటెళ్ళేదో! నేను రాసినట్టు పైకి వెళ్ళేది కాదు. పైకి వెళ్తే తాడు వదులైపోతుంది. నేను కుర్చీలో కూర్చుని రాశాను కాబట్టి పైకి తీసుకెళ్ళాను."

"అయితే రెండో చరణం తప్పా?" అంది ఎమరెన్స్ రెండో పక్క నుంచి.

"పాటకి బాగుంది. లాగడానికి తప్పు." వాడు ముఖం ఎత్తి మొదటిసారి ఆమె వైపు చూశాడు. "నువ్వెప్పుడొచ్చావు?"

"ఇప్పుడే దయచేశాను దొరా. ఇంటికి ఎప్పుడు దయచేస్తారో కనుక్కుందామని."

"వెటెరెన్ రేవు దాకా లాగుతానని వీళ్ళకి మాటిచ్చాను."

వెటెరెన్ దాకా మేమూ నడిచాం. దార్లో ఎమరెన్స్ పట్టీ అడిగి తీసుకుని కాసేపు లాగింది. వాడు ఆమె వెనకే నడుస్తూ, ఆమె ఎన్నడుగులకు ఊపిరి తీస్తుందో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. ఆమె తిట్టింది. తిట్టడానికి ఎంత ఊపిరి పట్టిందో కూడా లెక్కపెట్టాడు.

నన్ను క్షమించానని ఎన్నడూ అనలేదు. నేనూ అడగలేదు. ఆ వేసవిలోనే తెమ్సెకు మకాం మార్చాడు. అది పదో ఇల్లు. మా ఊరి ఆడవాళ్ళ కోసం కొత్త గానం మొదలుపెట్టాడు, మగగొంతులు లేకుండా. అమ్మ ఊఁ అనే ఆ ఎనిమిదడుగుల దగ్గర మొదలవుతుంది. మూడు భాగాలు. బుట్టలల్లేవాళ్ళం, నారబట్ట ఉతికేవాళ్ళు, బడిలో తుడిచే ముసలమ్మ రోమానీ, మొత్తం నలభై ఇద్దరం. ఒక్కరికీ స్వరాలు చదవడం రాదు. వాడు ఒక్కో ముక్కా పాడి వినిపిస్తే మేం పట్టుకోవాలి. గదిలో కాదు, గట్టు మీద, మమ్మల్ని నడిపిస్తూ నేర్పేవాడు.

"రోమానీ! ఊపిరి అక్కడ తీసుకోవద్దన్నానా?"

"మాష్టారూ, నాకు అరవై ఏళ్ళు. ఊపిరి దొరికిన చోట తీసుకుంటాను. మీరు రాసిన చోట అది దొరకట్లేదు."

వాడు జేబులోంచి పెన్సిల్ తీసి, ఆమె వీపు మీదే కాగితం పెట్టుకుని, ఆ చోటు మార్చేవాడు. మళ్ళీ మర్నాడు మార్చేవాడు. చలికాలం గడిచేసరికి మొదటి రెండు భాగాలు కుదిరాయి. మూడోది మాత్రం మేం నేర్చుకున్న కొద్దీ మారేది. ఆఖరికి తిరునాళ్ళకు వారం ముందు ఎమరెన్స్ కాగితాలు లాక్కుని పెట్టెలో పెట్టి దాని మీద కూర్చుంది.

తిరునాళ్ళలో చర్చి ముందు పాడాం. నది మీంచి గాలి ఈడ్చి కొట్టింది, వెనక వరసల వాళ్ళకు సగమే వినబడిందట. ముందున్నవాళ్ళలో కొందరు టోపీలు తీశారు. పడవవాళ్ళు నిలబడే విన్నారు. గెంట్ పత్రికలో ఒకాయన, ఉతికే రేవులో అరుపుల్లా ఉందని రాశాడు. ఉతికేవాళ్ళు అది మెప్పనుకుని సంబరపడ్డారు. టాక్ గారు వచ్చారు, మెడకు అదే ఉన్ని గుడ్డ. పుస్తకం రెండోసారి అచ్చు వేస్తున్నానని, అరవై ఒకటో పాట కింద ఇప్పుడిలా ఉంటుందని చదివారు: 'పూర్వభాగము పడవస్త్రీ పెట్రొనెల్‌ది. ఉత్తరభాగమును, పదములను ఆమె కుమారుడు సెవరీన్ బ్రాకెల్ చేర్చెను.'

"చేర్చెను ఏంటండీ?" అన్నాడు తమ్ముడు. "కట్టెను అని వేయండి."

"తమ్ముడూ!" అన్నాను.

"సరే, చేర్చెను," అన్నాడు. మళ్ళీ పది అడుగులు వెళ్ళి వెనక్కొచ్చి, "కూర్చెను?" అన్నాడు.

భోజనాల దగ్గర డొమీన్ సారా పోసిచ్చి, "ఏం బావమరిదీ, ఇప్పటికి సంతోషమేనా?" అన్నాడు.

"మూడో భాగం తప్పు బావా."

మర్నాడు ఉదయం మళ్ళీ గట్టు మీద కనబడ్డాడు, పెదాలు కదుపుతూ, అడుగులు లెక్కపెట్టుకుంటూ. తరవాత ఎనిమిదేళ్ళు బతికాడు. కోర్ట్రిక్ వెళ్ళాడు, బ్రూజ్ వెళ్ళాడు, మళ్ళీ లోకెరెన్ వెళ్ళాడు. అక్కడి నీళ్ళు ఈసారి పడ్డాయన్నాడు. ఎక్కడున్నా ఆ మూడో భాగం తిరగరాస్తూనే ఉన్నాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి మంచం పట్టాక కూడా, దుప్పటి మీద వేళ్ళతో అడుగులు లెక్కపెట్టేవాడట. ఒక మార్చి నెల మధ్యాహ్నం, బండి ఎప్పుడొస్తుందని అడిగి, పోయాడు. ఏ బండో ఎమరెన్స్‌కు తెలీలేదు. పియానో మాత్రం ఆమె ఇంకెక్కడికీ కదపలేదు.

ఆమె నాకు ఒక కట్ట పంపింది. మూడో భాగమే, ఏడు రకాలుగా ఉంది. నేను చదవలేను. నేను చెబుతుంటే ఇది రాసిపెడుతున్న మా కోడలు చదవగలదు గాని, ఏది చివరిదో దానికీ తేలలేదు. తేదీలు వేయలేదు వాడు. ఏటా తిరునాళ్ళప్పుడు ఆడవాళ్ళం ఇప్పటికీ పాడతాం. రోమానీ లేదు, ఆమె కూతురు పాడుతోంది. ఏ మూడో భాగం పాడదామని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. మేం మొదటి తిరునాళ్ళలో పాడినదే పాడతాం, ఎమరెన్స్ పెట్టెలో పెట్టి పైన కూర్చున్నది. వాడుంటే ఊరుకునేవాడు కాదు.